బండి యెవరిది? పూచీ యెవరిది?

పాతకారు కొనుట నిన్నమొన్నటివరకు మనుష్యుల నెరిగి చేయు బేరము. ఎరిగిన మెకానిక్కును వెంటబెట్టుకొని పోయి, బానెట్టు నెత్తి చూచి, బండిని నాలుగువీధులు త్రిప్పి, టీకొట్టుకడ గూర్చుండి బేరము తెంచుకొనుట వాడుక. ఇప్పుడా బేరము చేతిలోని ఫోనులోనికి వచ్చినది. బొమ్మలు చూచి, వ్రాసియున్న ధర కొప్పుకొని, సొమ్ము చెల్లించినచో బండి యింటిముంగిట దిగుచున్నది. ఈ మార్పునకు హర్షించువారును గలరు, నిట్టూర్చువారును గలరు. మేము వీరిరువురను వేరొక ప్రశ్న యడుగదలచితిమి. తెరపై గనబడు బండికి పూచీపడువా రెవరు?

ఈ వ్యాపారములోని వారే యీ ప్రశ్నకు పలుమారులు ఉత్తరము మార్చుకొనిరి. 2015వ సంవత్సరమున నీరజ్ సింగ్ అను యువకుడు మిత్రులతో గూడి స్పిన్నీ యను సంస్థను స్థాపించెను. మొదట నది సంతవంటిది. అమ్మువానిని కొనువానితో కలుపుటయే దాని పని. బండి సంస్థది కాదు. దానిలోని దోషము సంస్థది కాదు. పిమ్మట వారు దారి మార్చుకొనిరి. బండిని తామే కొని, పరీక్షించి, బాగుచేయించి, స్థిరమైన ధరకు తామే యమ్మసాగిరి; నచ్చనిచో కొన్ని దినములలో తిరిగి యిచ్చివేయవచ్చు నని మాట యిచ్చిరి. వ్యాపారభాషలో దీనిని ‘పివట్’ అందురు. మన భాషలో దళారి దుకాణదారు డయ్యె నన్నచో చాలును.

ఈ మార్పు ఉబుసుపోకకు జరిగినది కాదు. కొత్త కార్లు ఒక రకమువన్నియు నొక్కటే. పాతకార్లు ఏ రెండును ఒక్కటి కావు. మీటరు వెనుకకు త్రిప్పిన సంగతియు, గుద్దుకొన్న తలుపునకు రంగు వేయించిన సంగతియు అమ్మువానికి దెలియును, కొనువానికి దెలియదు. అమెరికా అర్థశాస్త్రవేత్త జార్జి అకెర్లాఫ్ 1970లో పాతకార్లనే యుదాహరణముగ గొని యీ తత్త్వమును వివరించెను. మంచిబండిని చెడ్డబండినుండి వేరుపరుపలేని కొనుగోలుదారుడు అన్నిటికిని తక్కువ ధరయే యిచ్చును. అంతట మంచిబండి గలవాడు సంత విడిచిపోవును; చెడ్డబండ్లే మిగులును. ఈ విషయమున జేసిన కృషికి ఆయనకు 2001లో నోబెల్ బహుమానము లభించెను. ఇద్దరిని కలుపుటతో నీ వ్యాధి కుదురదు. ఎవడో యొకడు నడుమ నిలిచి ‘ఈ బండికి నాది పూచీ’ యనవలెను. దారి మార్చుకొనుటలోని రహస్యమిదియే.

అయితే పూచీ ఖరీదైన వస్తువు. కొన్న బండి యమ్ముడుపోవువరకు సొమ్ము చిక్కుపడును; స్థలము కావలెను; పనివారు కావలెను. ఓలా సంస్థ 2021 అక్టోబరులో కార్ల విక్రయమునకు దిగి, యేడాది నిండకమునుపే, 2022 జూనులో, ఆ యంగడి మూసివేసెను. కొత్తకార్ల వివరములు తెలుపుటకై 2008లో వెలసి, పిమ్మట పాతకార్లను కొని యమ్ముటకు బూనిన జయపురపు కార్‌దేఖో సంస్థ 2023లో ఆ చిల్లరవిక్రయమును విడిచివేసెను. లాభనష్టములు వారివి; దారి మార్చుకొను స్వాతంత్ర్యమును వారిదే. దానిని మేమాక్షేపింపము. కాని దారి మారినప్పుడెల్ల కొనువాని హక్కును మారుచున్నదని మన ప్రజలు గ్రహింపవలసియున్నది.

2020 నాటి యీ-కామర్స్ నిబంధనలు సంతను నడుపువానిని, తన సరకు తానే యమ్ముకొనువానిని వేరువేరుగ నెంచినవి. సంతను నడుపువాడు అమ్మువాని పేరు, చిరునామా మొదలగు వివరములు చూపవలెను. తన సరకు నికార్సయినదని చెప్పి యమ్మువాడు ఆ మాటకు బాధ్యుడు. ఫోనులో నీ రెండంగళ్లును ఒక్కతీరుననే యగపడును. అవే రంగులు, అవే చిరునవ్వులు! ఏది సంతయో, ఏది దుకాణమో సామాన్యునకు దెలియుటెట్లు?

అమ్మువాని కష్ట మింతకంటె దారుణము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, బండి యమ్మినవాడు పదునాలుగు దినములలోను, కొన్నవాడు ముప్పది దినములలోను రిజిస్టరింగ్ అధికారికి దెలుపవలెను. అశ్రద్ధ చేసిన ఫలమేమో 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఒక కారు పలువురి చేతులు మారినది. రిజిస్టరులో మాత్రము మొదటివాని పేరే నిలిచినది. 2009లో ఆ కారువలన ప్రమాదము జరిగెను. నష్టపరిహారమునకు రిజిస్టరులో పేరున్నవాడే బాధ్యుడని న్యాయస్థానము నిర్ణయించెను. బండి పోయినను పాపము పోలేదు!

యంత్రము లెన్ని యున్నను కాగితము కాగితమే. అమెరికాలో కార్వానా యను సంస్థ, 2015లో నాష్‌విల్ నగరమున, కార్లు పేర్చిన గాజుగోపురమునుండి బండిని దింపి చేతికిచ్చు విచిత్రయంత్రమును నిలిపి లోకమును అబ్బురపరచినది. ఆ సంస్థ లైసెన్సునే ఇల్లినాయ్ రాష్ట్రప్రభుత్వము 2022లో కొంతకాలము నిలిపివేసెను. కొన్నవారికి యాజమాన్యపు పత్రములు సకాలమున నందకపోవుటయే కారణము.

మన కేంద్రప్రభుత్వము ఈ లోపమును గమనించి, 2023 ఏప్రిల్ 1 నుండి పాతబండ్ల వ్యాపారులకు అనుమతిపత్రము నేర్పరచినది. బండి వ్యాపారిచేతికి వచ్చిన సంగతి రిజిస్టరింగ్ అధికారికి దెలుపవలెను. నాటినుండి వ్యాపారియే యజమానిగా నెంచబడును. ఇది మేలైన నిబంధన. అమలు జరిగినచో మొదటి యజమాని నిశ్చింతగ నిద్రింపగలడు. కాని యీ నిబంధన యున్నదని మన పట్టణములలో నెందరికి దెలియును? వీధిచివర షెడ్డులో బండ్లు నిలిపి యమ్ముకొను చిన్నవ్యాపారి కిది యెవరు బోధించిరి? పెద్దసంస్థలకు వకీళ్లు గలరు, ఇతనికి లేరు. ఊరిలో మొగము చెల్లించుకొనవలసినవాడు గనుక ఇతడు చేయు మోసమునకు హద్దు గలదు. ఇతనిని తరిమివేయుట మా యభిమతము కాదు. చట్టముక్రిందికి దెచ్చుట కావలెను.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచెత్తినపుడు వీథులలో కార్లు నీట నానుట మనమందరము చూచినదే. అట్టి బండిని తుడిచి, మెరుగుపెట్టి, వేరొకయూర నమ్మకమునకు నిలిపినచో బొమ్మలో నేమి కనబడును? మెరుగే కనబడును.

కావున మేము కోరునవి మూడు. ప్రతి బండి బొమ్మక్రిందను ‘ఇది మా సొంతము’ అనియో, ‘ఇది ఫలానివారిది, మేము మధ్యవర్తులము’ అనియో కొనువాని భాషలో స్పష్టముగ వ్రాయవలెను. నీటమునుగుట, గుద్దుకొనుట, భీమా సొమ్ము పొందుట పరీక్షాపత్రమునందు చేర్చి, దానిపై సంతకము చేసినవానిని బాధ్యుని జేయవలెను. పేరుమార్పు జరుగువరకు విక్రయము పూర్తియైనట్లు ఏ సంస్థయు చెప్పుకొనరాదు. ఆలస్యమునకు పరిహారము తానే యీయవలెను.

పాఠకులకు మా మనవి యొక్కటి. బండి యమ్మినవారు సొమ్ము ముట్టినదని తృప్తిపడక, అధికారికి దెలిపిన రసీదును అడిగి పుచ్చుకొనుడు. కొనువారు ధర చూచుటకు మునుపు అమ్మువాని పేరు చూడుడు. బేరము ఫోనులోనికి వచ్చినది, రానిండు. పూచీ మాత్రము ఫోనులో మాయమైపోరాదు.