రెండోసారి తలుపు తట్టేదెవరు?

సుమారు పదేళ్ల కిందట పశ్చిమగోదావరి ఏజెన్సీలోని 30 గిరిజన గ్రామాల్లో ఆశా కార్యకర్తలు ట్యాబ్ పట్టుకుని ఇంటింటికీ తిరిగారు. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, ఏ పనిమీదా మనసు నిలవడం లేదా, ఊరికే భయమేస్తోందా అని అడిగారు. 5,007 మందిని అడిగితే 238 మందిలో కుంగుబాటో, ఆందోళనో, బతుకుపై విరక్తో ఉన్న ఆనవాళ్లు కనిపించాయి. ఆ 238 మందిలో అంతకుముందు మానసిక వైద్యం ముఖం చూసినవారు ఇద్దరంటే ఇద్దరు.

జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ చేపట్టిన ‘స్మార్ట్ మెంటల్ హెల్త్’ ప్రాజెక్టు తేల్చిన లెక్క ఇది. దీనికి విలువ ఎందుకంటే, 2015–16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేకు ఎంచుకున్న 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. మామూలు మానసిక సమస్యలున్న నూరుమందిలో సుమారు 85 మందికి చికిత్స అందడం లేదని ఆ సర్వే చెప్పింది. గోదావరి సంగతి తెలుసుకోవాలంటే మాత్రం ఈ ఆశాల ట్యాబ్‌నే చూడాలి.

మిగతా 236 మంది ఏం చేస్తూ ఉండి ఉంటారో ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. మనేద పట్టిన మనిషి మొదట ఆరెంపీ దగ్గరికి వెళ్తాడు. గుండె దడంటే గ్యాసంటారు, నీరసమంటే నరాల బలహీనతని సూది వేస్తారు. అక్కడ కుదరకపోతే తాయెత్తు, ఆపైన దిష్టి, గాలి. పెళ్లికెదిగిన పిల్ల అయితే అసలు బయటికే పొక్కనివ్వరు. పిచ్చి కుదిరితేగాని పెళ్లి కాదు, పెళ్లయితేగాని పిచ్చి కుదరదు అని నవ్వుకోవడానికి పుట్టించిన సామెత చాలా ఇళ్లలో నిజంగానే చికిత్సా విధానం.

దీనికి మానసిక ఆసుపత్రుల చరిత్ర కూడా తోడైంది. తెలంగాణలో ఎర్రగడ్డ పేరెత్తితే ఎలాగో, ఇటు చినవాల్తేరు అలా. రాజమహేంద్రవరం నుంచి దాదాపు 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ విశాఖ ఆసుపత్రికి రైలెక్కించడమంటే మనిషిని వెలివేసినట్టేనని తరాలపాటు అనుకున్నారు. ఇప్పుడు అంత దూరం పోనక్కర్లేదు. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) ఉంది; 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అయినా సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడే కూలీకి కాకినాడ కూడా దూరమే. రానూపోనూ ఒక రోజు కూలి, తోడొచ్చిన మనిషిది ఇంకో కూలి.

స్మార్ట్ ప్రాజెక్టు పట్టుకున్న కిటుకు ఇక్కడే ఉంది. ఆశా నింపిన వివరాలు నేరుగా పీహెచ్‌సీ డాక్టర్ ట్యాబ్‌లోకి వెళ్లేవి. మానసిక వైద్య నిపుణుడు కాని ఆ డాక్టర్‌కు ఏ లక్షణానికి ఏం చేయాలో తెర మీదే సూచనలు వచ్చేవి. ఎవరిని ముందు కలవాలో ఆశాకు జాబితా అందేది. రోగికి ఫోన్లో గుర్తుచేసే మాటలు వినిపించేవి. వీటితోపాటు ఊళ్లో నాటకం వేశారు, జబ్బుపడి కోలుకున్న మనిషి చెప్పిన మాటల వీడియో చూపించారు.

ఇంత చేస్తే 238 మందిలో డాక్టర్ దగ్గరికి వెళ్లినవారు 30 మంది. ఇద్దరి నుంచి 30 అంటే పదిహేను రెట్లు, నివేదికల్లో రాసుకోవడానికి బాగుంటుంది. మిగిలిన 208 మంది మాటేమిటి? జబ్బు ఆనవాళ్లున్నాయని తెలిశాక కూడా గడప దాటలేదు వాళ్లు. కనిపెట్టడం కంటే కదిలించడం కష్టమని ఈ అంకె చెబుతోంది.

తర్వాత ఇదే పద్ధతిని పశ్చిమగోదావరిలోనూ హర్యానాలోని ఫరీదాబాద్, పల్వల్ జిల్లాల్లోనూ కలిపి 44 పీహెచ్‌సీల పరిధిలో పరీక్షించారు. ఏడాది తిరిగేసరికి, కుంగుబాటు ముప్పు ఎక్కువగా ఉన్నవారిలో ఈ పద్ధతి అమలైన చోట ముప్పావువంతు మంది తేరుకున్నారు. అది లేని చోట తేరుకున్నది సగం మంది. కాలమే మందన్న పెద్దల మాటలో సగం నిజముందన్నమాట. మిగిలిన సగంలోనే ఆశా అవసరం.

రాత్రికి రాత్రి ముంచుకొచ్చే ఆపద వేరు. చనిపోవాలనిపిస్తున్న మనిషికి, అతణ్ని చూసి హడలిపోయిన ఇంటివాళ్లకు టెలీ మానస్ ఉంది. 2022 అక్టోబర్ 10న మొదలైన 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. సలహాదారు వల్ల కాకపోతే నిపుణులకు కలుపుతారు. ప్రాణం మీదకొస్తే 108. పోలీసు కేసవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకెళ్లకుండా దాచేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆత్మహత్యకు యత్నించిన వ్యక్తిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు అని 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్పింది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే 2024 జులై 1 నుంచి లేదు.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో ఎవరూ పెద్దగా చదవని వాక్యం మరొకటుంది. జిల్లాలో కనీస మానసిక వైద్య సేవలు లేకపోతే, అదే జిల్లాలో వేరేచోట చేయించుకున్న చికిత్స ఖర్చు ప్రభుత్వమే భరించాలి. 2022 ఏప్రిల్‌లో రెండు గోదావరి జిల్లాలు ముక్కలై కోనసీమ, కాకినాడ, ఏలూరు వేరుపడ్డాయి. అమలాపురం, భీమవరం ఇప్పుడు జిల్లా కేంద్రాలు. కలెక్టరేట్ బోర్డు మారినంత తొందరగా ఈ హామీ ఊళ్లకు చేరలేదు.

ఫోన్ ఒక రాత్రిని గట్టెక్కిస్తుంది. ఆ తర్వాతి గురువారం మాత్ర వేసుకున్నాడా, నిద్రపోయాడా అని చూసేందుకు ఊళ్లో మనిషి కావాలి. 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు ముప్పు తెలుసుకోవడానికి ఆశాలు నింపే సర్కారీ ఫారంలో ఇప్పటికే మనసు గురించి రెండు ప్రశ్నలున్నాయి. మార్కులు ఎక్కువొస్తే ఆరోగ్య కేంద్రానికి పంపాలి. అంటే మొదటి తలుపు తట్టే పని కొంత కాగితం మీదికెక్కింది. ఎవరిని ముందు కలవాలో పశ్చిమగోదావరి ట్యాబ్‌లో ఆశాకు కనిపించిన జాబితా లాంటిదాన్ని, పంపినా వెళ్లనివారి పేర్లతో, ఈ ఫారానికి జతచేయడానికి కొత్త ఆసుపత్రి కట్టనక్కర్లేదు. గర్భిణులు, పసిపిల్లల టీకాలు, క్షయ రోగుల పనితో ఇప్పటికే తిరుగుతున్న ఆశాకు ఆ రెండో విడత తిరుగుడునూ పనిగా లెక్కగట్టి, దానికి డబ్బివ్వాలి.