పురుగు ఎండ లెక్కను నడుస్తోంది – రైతు దుకాణం లెక్కను నడవాలా?

మొక్కజొన్న సుడిలో రంపపు పొట్టులాంటి రెట్ట కనబడిందంటే రైతు గుండె జారిపోతుంది. కత్తెర పురుగు దిగిందన్నమాటే! అప్పోసప్పో చేసి మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. ఏ మందు కొట్టాలో దుకాణదారు చెబుతాడు. ఎప్పుడు కొట్టాలో ఎవరు చెప్పాలి? మేము అడుగుతున్నది ఈ ప్రశ్నే.

అమెరికా ఖండాలకు చెందిన ఈ పురుగు 2016లో ఆఫ్రికాలో, 2018లో కర్ణాటకలో బయటపడింది. ఆ ఏడాదే మన చేలలోకీ వచ్చింది.

పురుగుకు సొంతంగా ఒంటి వేడి ఉండదు. చుట్టూ ఉన్న వేడే దాని ఎదుగుదలను నడిపిస్తుంది. 28 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి రెక్కల పురుగు కావడానికి నెల రోజులు చాలు. చల్లబడితే రెండు నెలలు, గట్టి చలిలో దాదాపు మూడు నెలలు పడుతుంది. తల్లి పురుగు సుమారు 1500 గుడ్లు పెడుతుంది. వెచ్చని రోజుల్లో అవి రెండు మూడు రోజుల్లోనే పగులుతాయి. అలాగని ఎండ ముదిరినకొద్దీ దానికి మేలేమీ కాదు. గుడ్లు పెట్టడానికి, పిల్ల పురుగు ఎదుగుదలకు కావలసినదాని కంటే తక్కువ వేడే అనువైనది. 30 డిగ్రీలు దాటితే రెక్కలు వంకరపోతాయి. దీనికి చలికాలపు నిద్ర లేదు. మన కోస్తా చలి దాన్ని చంపేటంతటిది కాదు. మేత దొరికితే తరం వెనుక తరం పుడుతూనే ఉంటుంది.

ఇటువంటి పురుగు మీద "పదిహేను రోజులకోసారి కొట్టు" అనే లెక్క ఎలా పనిచేస్తుంది? పిల్ల పురుగు మీద పడిన మందు పనిచేస్తుంది. ఎదిగి సుడి లోపల దూరి, రెట్టతో తలుపేసుకున్నాక కొట్టిన మందు వృథా. ఆ ఖర్చు దుకాణానికి లాభం. కౌలు కట్టి సేద్యం చేసేవాడికి వడ్డీ మీద వడ్డీ.

వాతావరణ శాఖ రోజూ వేడి కొలుస్తూనే ఉంది. ఆ అంకెలు ఎవరి కోసం? ప్రతి ఊళ్లో లింగాకర్షక బుట్టలు పెట్టించి, పడిన మగ పురుగులను లెక్కించి, ఆ లెక్కను ఎండతో కలిపి "ఫలానా వారంలో గుడ్లు పగులుతాయి, చేను చూసుకోండి" అని వ్యవసాయ శాఖ ముందుగా చాటించాలి. బుట్టల ఖర్చు ప్రభుత్వమే భరించాలి. కౌలు రైతులకూ అవి అందాలి.

ఊరంతా కొద్ది రోజుల తేడాలో విత్తనం వేస్తే పురుగుకు ఎడతెగని మేత దొరకదు. ఒక్క రైతు వల్ల ఇది అయ్యే పని కాదు. రైతు సంఘాలు ఊరూరా కూర్చోబెట్టి మాట్లాడాలి, ప్రభుత్వాన్ని కదిలించాలి.