ఉస్తాద్ తన నకలును తయారు చేయడు

గొప్ప ఆటగాడు గొప్ప కోచ్ అయి తీరుతాడని చాలామంది అనుకుంటారు. ఆడటం వేరు, ఆడించటం వేరు. తనకు అబ్బిన విద్య షాగిర్ద్‌కు కూడా అదే రూపంలో అబ్బాలని పట్టుబట్టే ఉస్తాద్ వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. చైనా టేబుల్ టెన్నిస్ క్రీడాకారుడు లియు గువోలియాంగ్ జీవితం ఇందుకు చక్కటి నిదర్శనం.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 20 ఏళ్ల వయసులోనే ఆయన సింగిల్స్, డబుల్స్ రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచారు. 1999లో ప్రపంచ చాంపియన్ అయ్యారు. కలం పట్టినట్లు బ్యాట్ పట్టుకుని, బల్లకు దగ్గరగా నిలబడి, మెరుపు వేగంతో కొట్టడం ఆయన పద్ధతి. 2000లో బంతి పరిమాణాన్ని 38 నుండి 40 మిల్లీమీటర్లకు పెంచారు. దాంతో ఆట వేగం తగ్గింది. ఆయన పద్ధతికి అది అనుకూలం కాలేదు.

2003లో ఆయన పురుషుల జట్టు కోచ్ అయ్యారు. తనను గెలిపించిన పద్ధతినే అందరిపై రుద్దలేదు. 1999 ప్రపంచ పోటీల ఫైనల్‌లో ఆయన చేతిలో ఓడిన మా లిన్, ఆయన శిక్షణలోని జట్టు నుండే 2008 బీజింగ్ ఒలింపిక్ విజేత అయ్యాడు. ఆ సింగిల్స్ పతకాలు మూడూ చైనా పురుషులకే దక్కాయి. 2012లో జాంగ్ జికె, 2016లో మా లాంగ్ ఒలింపిక్ స్వర్ణం గెలిచారు. వీరిద్దరూ కరచాలనం చేసినట్లు బ్యాట్ పట్టేవారు. ఉస్తాద్ పట్టుకు అది పూర్తిగా భిన్నం. పైగా మా లాంగ్ 2009, 2011, 2013 ప్రపంచ పోటీల్లో మూడుసార్లూ సెమీఫైనల్‌లోనే ఓడాడు. అయినా జట్టు అతనిని వదులుకోలేదు. 2015లో అతను ప్రపంచ చాంపియన్ అయ్యాడు.

చైనాలో ప్రతిభకు కొరత లేదు, ప్రభుత్వ అండ ఉంది, కాబట్టి ఇదంతా సులువేనని కొందరు అనవచ్చు. అండ ఉన్న మాట వాస్తవమే. కాని ఎవరి చేతికి ఏ పట్టు నప్పుతుందో ప్రభుత్వం చెప్పదు, ఉస్తాదే కనిపెట్టాలి. 2017 జూన్‌లో ఆయనను ప్రధాన కోచ్ పదవి నుండి తప్పించినప్పుడు, చెంగ్డూలో జరుగుతున్న చైనా ఓపెన్ నుండి మా లాంగ్, ఫాన్ జెన్‌డాంగ్, షు షిన్ వైదొలిగారు. పోటీని వదిలివెళ్లడం సబబా అన్నది వేరే చర్చ. షాగిర్దుల మనసులో ఆయన స్థానమేమిటో మాత్రం లోకానికి తెలిసింది. 2018 డిసెంబరులో ఆయన చైనా టేబుల్ టెన్నిస్ సంఘం అధ్యక్షుడయ్యారు. 2025 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు.

బడిలో పాఠం చెప్పే మేము, ఇంట్లో బిడ్డను పెంచే మీరు దీని నుండి నేర్చుకోవలసింది ఉంది. "మేమూ ఇలాగే నేర్చుకున్నాం" అన్న మాట మన నోట తరచూ వస్తుంటుంది. తండ్రి చదివినదే కొడుకూ చదవాలంటాం. అక్క దారిలోనే చెల్లెలూ నడవాలంటాం. నేర్పే ముందు, బిడ్డ చేయి ఏ పట్టుకు అలవాటు పడిందో గమనిద్దాం. దానిని మార్చడం కంటే దానికి పదును పెట్టడమే మన పని.