ఒక్క కన్ను చాలదు

మన తీరమందలి శ్రీహరికోటనుండి 2015వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన ఆకాశమున కెగసిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహమునకు 2025 సెప్టెంబరు నాటికి పదియేండ్లు నిండినవి. అయిదేండ్లు పనిచేసిన చాలునని నిర్మాతలు తలచిన యంత్రము అంతకు రెట్టింపు కాలము సేవచేసినందులకు మనము సంతసింపదగినదే. కాని సంతోషముతోడనే సరిపెట్టుకొని యూరకుండుట వివేకము గాదు. ఆ యంత్రము మనకు నేర్పిన పాఠమేమి? దాని తరువాత మనము చేయవలసినదేమి? ఈ రెండు ప్రశ్నలను దేశము విచారింపవలసియున్నది.

సూర్యునికంటె అనేక రెట్లు బరువుగల నక్షత్రములు కొన్ని, తమ యింధనము అడుగంటిన పిమ్మట తమలో తామే కూలి, వెలుతురును సైతము వెలికిపోనీయని కృష్ణబిలములగుచున్నవి. అట్టి బిలమునకు తోడుగా వేరొక నక్షత్రము తిరుగుచున్నచో, ఆ తోడిచుక్కనుండి వాయువు జారి బిలముచుట్టును పళ్లెరమువలె పరచుకొని సుడితిరుగుచుండును. మన పల్లెలలోని చెరువునకును దీనికిని పోలిక గలదు. నీరు చేరుచున్నంతకాలము గట్టుక్రింది వారికి అలజడి తెలియదు. ఏండ్ల తరబడి చేరిన వాయువునకు వేడిమి యొక హద్దు దాటి, ఉదజని పరమాణువులు తమ ఎలక్ట్రానులను కోల్పోవ మొదలిడగానే గట్టు తెగినట్లగును. కూడియున్న పదార్థము లోనికి దుముకును. కొలదిదినములలో ఆ జంట వేల రెట్లు ప్రజ్వరిల్లును. ఈ విజృంభణము ముందు తెలిపి వచ్చునది కాదు; వచ్చి చిరకాలము నిలుచునదియు గాదు.

ఇది యొక్క వన్నెగల వెలుగు గాదు. బిలమునకు మిక్కిలి చేరువనున్న వాయువు కోటి డిగ్రీల మేరకు కాగి ఎక్స్ కిరణములను వెడలించును. పళ్లెరపు వెలుపలిభాగము అతినీలలోహిత కాంతితోడను, మన కంటికగపడు కాంతితోడను వెలుగును. బిలమున పడక, కాంతివేగమునకు చేరువైన వేగముతో వెలికి చిమ్మబడు ధారలు రేడియో తరంగములచే తెలియవచ్చును. ఏనుగును తడవిన అంధుల కథ మన శాస్త్రకారులు న్యాయముగా చెప్పినదే గదా! ఒక్కొక్క దూరదర్శిని యొక్కొక్క అంగమునే తడవగలదు. పైగా కాలక్రమమును గమనింపవలెను. 2018లో మాక్సి జె1820 అను జంట విజృంభించినపుడు సాధారణ కాంతి దూరదర్శినులు మార్చి 6వ తేదీననే దానిని కనుగొనగా, ఎక్స్ కిరణ యంత్రము 11వ తేదీన కనుగొన్నది. ఈ వ్యవధియే పళ్లెరములో వాయువు ఎట్లు లోనికి నడచుచున్నదో తెలుపుటకు సాధనము. కావున పలుకన్నులుండుట మాత్రమే చాలదు. అవి యేకకాలమున తెరచియుండవలెను.

ఒంటికంటి చూపు ఎంత మోసగించునో 1938వ సంవత్సరము సాక్ష్యము చెప్పుచున్నది. ఆ యేట హంసమండలమున నొకచుక్క హఠాత్తుగా వెలిగినది. నాడు కంటికగపడు కాంతి తప్ప వేరు సాధనము లేదు. జ్యోతిశ్శాస్త్రజ్ఞులు దానిని నోవా యని వ్రాసికొని యూరకుండిరి. 51 సంవత్సరముల తరువాత, 1989 మే నెలలో జపానువారి గింగా ఉపగ్రహము అచ్చోటనే తీవ్రమైన ఎక్స్ కిరణములను కనుగొన్నది. రెండును ఒకటే యని తేలెను. 1992లో తోడిచుక్క గమనమును కొలువగా, దానిని త్రిప్పుచున్న అదృశ్యవస్తువు ఆరుగురు సూర్యులకంటె బరువైనదని నిర్ధారణమయ్యెను. అది కృష్ణబిలము గాక మరియొకటి కానేరదు. నేడు వి404 అని పిలువబడు ఆ జంటకు సరియైన పేరు పెట్టుటకు మానవజాతికి అర్ధశతాబ్దమునకు పైగా పట్టినది.

ఆ జంటయే 26 ఏండ్ల నిద్రానంతరము 2015 జూన్ 15వ తేదీన మరల మేల్కొన్నది. ఇంచుమించు పండ్రెండు దినములు అది ఎక్స్ కిరణాకాశమున మహోజ్జ్వలముగ ప్రకాశించెను. పూనా ప్రాంతమందలి మన మహారేడియో దూరదర్శిని, ముప్పది పళ్లెరములతో దానిని చూచినది. కాని మన ఎక్స్ కిరణనేత్రమగు ఆస్ట్రోశాట్ ఆనాటి కింకను నేలమీదనే యున్నది! అది ఎగసినది మూడు నెలలకు పిమ్మట. 2004లో అనుమతి పొందిన ఉపగ్రహము 2015లో గాని సిద్ధము కాలేదు. ఏడువేల యెనిమిది వందల సంవత్సరములు ప్రయాణముచేసి వచ్చిన వెలుగును మూడు నెలల యాలస్యమువలన మన యుపగ్రహము చూడలేకపోయెను. 2018 నాటి విజృంభణమును మాత్రము ఆస్ట్రోశాట్ చూడగలిగినది. సిద్ధముగ నుండుటకును ఉండకపోవుటకును గల భేదమిది.

బీదదేశమునకు ఈ చుక్కల లెక్క లేలయని కొందరడుగుదురు. వారి ప్రశ్న త్రోసిపుచ్చదగినది గాదు. కాని యొకమాట. 1930లో ఇంగ్లండునకు ఓడపై పోవుచున్న పందొమ్మిదేండ్ల చంద్రశేఖరుడు మృతనక్షత్రముల బరువునకు హద్దు గలదని లెక్కించెను. 1935లో లండను పండితసభలో ఎడ్డింగ్టను దానిని పరిహసించెను. 1983లో నోబెలు బహుమానము చంద్రశేఖరుని వరించెను. లెక్క భారతీయునిది, దానిని నిరూపించిన యంత్రములు చాలవరకు పరులవి. బుద్ధికి కొరతలేని జాతి సాధనములకై పరుల గడపల యొద్ద వేచియుండుట ఎంతకాలము?

2024 జనవరి 1వ తేదీన శ్రీహరికోటనుండియే వెడలిన ఎక్స్‌పోశాట్ ఉపగ్రహము ఎక్స్ కిరణముల ధ్రువణమును కొలుచుటకు నిర్మింపబడినది. అది శ్లాఘ్యమే. అయినను అతినీలలోహిత కాంతిని, ఎక్స్ కిరణములను ఒక్కచోటనుండి యొక్కసారిగ చూచు ఆస్ట్రోశాట్ స్థానమును అది పూరింపజాలదు. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనుట తగదు. మొదటిదానికి పదునొకం డేండ్లు పట్టెనని యెరిగియు, వృద్ధయంత్రము కన్నుమూసిన పిమ్మట రెండవదానినిగూర్చి యోచింతుమనుట బాధ్యత యెరిగినవారి మాట గాదు. ప్రభుత్వము వారసయంత్రమునకు ధనమును, గడువును నిర్ణయించి ప్రకటింపవలెను.

ప్రజలు చేయవలసినదియు గలదు. 2015లో వి404 మినుకుమినుకులను పట్టినవానిలో జానెడు అద్దముగల చిన్న దూరదర్శినులును ఉన్నవి. వానిని నడపినవారిలో అనేకులు ఉద్యోగార్థము గాక అభిరుచిచే ఆకాశమును చూచువారు. మన జిల్లా కళాశాలలు అట్టివానిని ఒక్కొక్కటి సంపాదింపలేవా? పెండ్లిపందిళ్లకు వెచ్చించు ధనములో అల్పభాగమును ఊరి పాఠశాలకొక దూరదర్శినికై ఈయగల భూస్వాములు మనలో లేరా? వి404 మరల ఏనాడు మేల్కొనునో ఎవ్వరును చెప్పజాలరు. ఆనాడు మన కన్నులన్నియు తెరచియుండవలెను.