మన పేర్లు – 6: కియారా అంటే నల్లమ్మే

చిలకలపూడి, బందరు చుట్టుపక్కల మన పేటల్లో ఈ మధ్య పుట్టిన పిల్లల పేర్లు వినండి. కెవిన్, ర్యాన్, కియారా. "ఇవేం పేర్లండీ, చిలకలపూడి బంగారంలాగా" అని నవ్వే పెద్దమనుషులున్నారు. పైన పూత, లోపల ఇత్తడి అని వాళ్ల భావం. వాళ్ల మనవడు డల్లాస్‌లో ర్యాన్ అయితే మాత్రం మోడ్రన్!

మిత్రులారా, మనకు అచ్చమైన పేర్లు ఎవరు మిగిల్చారు? బ్రాహ్మణుడి పేరులో శుభం, క్షత్రియుడి పేరులో బలం, వైశ్యుడి పేరులో ధనం, శూద్రుడి పేరులో ఏవగింపు ధ్వనించాలని మనుస్మృతి రెండో అధ్యాయం చెబుతుంది. మనం ఆ లెక్కలోనే లేము. ఆ పుస్తకం ముట్టని భూస్వామి కూడా దాన్ని నోటితో అమలు చేశాడు. అమ్మానాన్నలు ఎంత మంచి పేరు పెట్టినా చివర 'గాడు' తగిలించాడు. (పిల్లలు దక్కడం లేదని పెంటయ్య అని పెట్టుకోవడం అన్ని కులాల్లోనూ ఉంది. అది వేరే సంగతి.)

1841లో బందరులో మొదలైన సి.ఎం.ఎస్. మిషను తర్వాత్తర్వాత మన పల్లెలకూ వచ్చింది. మన తాతలు, అవ్వలు మోషే, యెహోషువ, సువార్తమ్మ, కృపావరం అయ్యారు. మోషేని కూడా మోషేగాడనే పిలిచారనుకోండి. అయినా చర్చి రిజిస్టరులో అతను మోషేనే.

ఇప్పటి కెవిన్, ర్యాన్ ఐర్లండు పేర్లు. ఆ ఐర్లండు కూడా ఇంగ్లీషువాడి కింద భూమినీ భాషనూ పోగొట్టుకున్న దేశమే. 1905లో అక్కడ డోనెగల్ ప్రాంతంలో ఒకతను తన బండి మీద పేరును ఐరిష్‌లో రాసుకున్నందుకు జరిమానా వేశారు. సొంత బండి, సొంత పేరు, సొంత భాష! కోర్టులో అతని తరఫున వాదించిన పాట్రిక్ పియర్స్‌ను 1916 తిరుగుబాటు తర్వాత కాల్చి చంపారు.

ఇక కియారా. మనకు సినిమా హీరోయిన్ పేరుగా తెలుసు. ఐరిష్‌లో దాన్ని 'కీర' అంటారు. 'కియర్' అంటే నలుపు. 'చిన్న నల్లవాడు' అనే అర్థమొచ్చే కీరన్ పేరుతో వాళ్లకు సెయింట్లే ఉన్నారు. (ఇటలీవాళ్ల కియారాకు వెలుగు అని అర్థం. ఏది తీసుకున్నా నాకు అభ్యంతరం లేదు.) మన నల్లమ్మను చూసి మొహం చిట్లించినవాళ్లే కియారాను ముద్దుగా ఎత్తుకుంటున్నారు.

కానీ అసలు ముల్లు సర్టిఫికెట్ దగ్గరుంది. అగ్రకులపు కెవిన్‌ను ఎవరూ మతం అడగరు. మన కెవిన్ కుల ధ్రువీకరణకు వెళ్తే, "కన్వర్టెడా?" అన్నదే మొదటి ప్రశ్న. అందుకే మన ఇళ్లలో చర్చికి ఒక పేరు, బడికి ఒక పేరు. ఒకే బిడ్డ రెండు పేర్ల మధ్య పెరుగుతోంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా హిందూ, సిక్కు, బౌద్ధం కాని మతాల్లో ఉన్నవాళ్లను ఎస్సీ జాబితా బయట పెట్టింది. ఆ పేరానే రద్దు చేయాలన్నది మన పాత డిమాండు. అది సాధించేదాకా ఇంకో మాట గట్టిగా అడగాలి. ఆ పేరాలో ఉన్నది మతం. పేరు చూసి మతం తేల్చమని అందులో ఎక్కడుంది?

ఈసారి ఆఫీసులో ఎవరైనా మీ కియారాను చూసి కనుబొమలు ఎగరేస్తే, ఆ మాట కాగితం మీద రాసిమ్మని అడగండి.