అవ్వకు వినపడని సినిమా



మొన్న క్రిస్మస్ దినములలో తడలోని మా సంఘ కుటుంబమొకటి ప్రార్థనకు పిలిచింది. ప్రార్థనానంతరము అందరికీ ‘కరుణామయుడు’ చూపించారు. కుమారుడు చెన్నైలో వాయిదాల మీద కొన్న హోమ్ థియేటర్ గోడలు అదిరేలా మ్రోగింది. పిల్లలు గంతులు వేశారు. అవ్వ మాత్రం కాసేపటికి లేచి వసారాలోకి వెళ్లి కూర్చున్నది. "మోత వినపడతా ఉంది అయ్యగారూ, మాట వినపడటం లేదు" అన్నది. ఆమెకు చదువు రాదు. ఇన్నేళ్లుగా వాక్యమంతా చెవితో విన్నదే.

కుమారుని ప్రశ్న వేరు. "దీన్ని మార్చేసి అట్మాస్ కొనమంటారా, అయ్యగారూ?" సూళ్లూరుపేటలో 2019లో తెరిచిన పెద్ద తెర హాలులో ఆ ధ్వని విన్నప్పటినుండి అతని మనస్సంతా దాని మీదనే. పాస్టరుకు ఈ సంగతులెందుకని అనుకోవద్దు. అప్పు చేయవలసివచ్చిన చోట సంఘకాపరి కూడా కొంత తెలుసుకొనవలసినదే.

5.1 అనగా ముందు మూడు, ప్రక్కలను రెండు స్పీకర్లు, బొంగురు ధ్వనికి ఒక పెద్ద పెట్టె. మాటలు ఎక్కువగా నడిమి స్పీకరులోనుండి వస్తాయి. డాల్బీ డిజిటల్ 1992లోను, డిటిఎస్ 1993లో ‘జురాసిక్ పార్క్’తోను సినిమా హాళ్లకు వచ్చాయి. రెండును ఆ 5.1ని మోసుకొచ్చే పద్ధతులే. డిటిఎస్ ధ్వనిని తక్కువగా కుదిస్తుంది గనుక డిస్కులో ఎక్కువ చోటు పడుతుంది. నా చెవికైతే భేదము తెలియలేదు. 7.1లో వెనుక మరి రెండు చేరుతాయి. 2012లో వచ్చిన అట్మాస్ తలపైనుండి కూడా వినిపిస్తుంది. దానికి పైకప్పులో స్పీకర్లు బిగించాలి, లేదా కప్పుకు తగిలి ధ్వని క్రిందికి వచ్చేలా పైకి చూచే స్పీకర్లు పెట్టాలి. చదునైన మిద్దెకు అది సరే. వాలుగా ఉన్న రేకుల ఇంట్లో ఆ ధ్వని ఎటు పోతుందో! ఆ కుటుంబానిది రేకుల ఇల్లే.

ఇంకొక సంగతి. ‘కరుణామయుడు’ 1978 నాటిది. తెలుగులో ఆరు ట్రాకుల స్టీరియో 1986లో ‘సింహాసనం’తో వచ్చింది. అంతకుముందు మన చిత్రాలు మామూలుగా మోనో, అనగా ధ్వని అంతా ఒకే దారి. ఆరు పెట్టెలు పెట్టినా అందులో లేనిది బయటికి రాదు. మరి ఆ మోత ఎక్కడిది? రిమోట్ తీసికొని చూచితే ‘హాల్’ అని పెట్టి ఉన్నది. లేని ప్రతిధ్వనిని ఆ యంత్రమే కలిపి, ప్రతి మాటను రెండుమూడు సార్లు చెప్పుచున్నది!

దానిని తీసివేసి ‘ప్రో లాజిక్’ పెట్టాము. మాటలన్నీ నడిమి స్పీకరులోకి చేరాయి. దాని ధ్వని కొంచెము పెంచి, పెద్ద పెట్టెను బాగా తగ్గించాము. పిల్లలు గొణిగారు. ఖర్చు మాత్రం ఏమీ లేదు.

అవ్వను పిలుచుకొని వచ్చి టీవీకి ఎదురుగా కూర్చోబెట్టాము. మొదటినుండి మళ్లీ వేయమన్నది. రాత్రి పదకొండు దాటింది, అయినా వేశారు. ఆ అబ్బాయికి ఇంకా ఏడు వాయిదాలు మిగిలి ఉన్నాయట. అట్మాస్ మాట ఆ రాత్రి మరల ఎత్తలేదు.