అమెరికాలో ఇంటర్న్‌షిప్ వేట: వేసవి పనికి తలుపులు సెప్టెంబర్‌లోనే తెరుచుకుంటాయి

ఆగస్టులో అమెరికా వెళ్లిన పిల్లలకు ఇంటి నుంచి వెళ్లే ఫోన్లలో మొదటి రెండు మూడు నెలలు దాదాపు ఒకే రకం ప్రశ్నలుంటాయి. రూమ్ దొరికిందా, హలాల్ షాపు దగ్గర్లో ఉందా, జుమాకి ఎక్కడికి వెళ్తున్నావ్, చలి ఎలా ఉంది. ఇంటర్న్‌షిప్ మాట వస్తే "అది వచ్చే వేసవి సంగతి కదా బేటా, ముందు చదువు చూసుకో" అంటారు పెద్దలు. పిల్లలూ అలాగే అనుకుంటారు. కానీ అక్కడి పెద్ద కంపెనీలు, బ్యాంకులు, ఆడిట్ సంస్థలు చాలావరకు వచ్చే వేసవి ఇంటర్న్‌ల కోసం దరఖాస్తులు తీసుకునేది ఆగస్టు నుంచి అక్టోబర్ మధ్యలోనే. మనవాళ్లు ఫిబ్రవరిలో రెజ్యూమె పట్టుకుని బయలుదేరేసరికి మంచి చోట్లు చాలావరకు నిండిపోయి ఉంటాయి.

ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది, కానీ కుటుంబాల లక్షల రూపాయలు దీని మీదే నిలబడి ఉన్నాయి. ఓపెన్ డోర్స్ నివేదిక ప్రకారం 2024-25లో అమెరికాలో 3,63,019 మంది భారత విద్యార్థులు ఉన్నారు. వేరే ఏ దేశం నుంచీ అంతమంది లేరు. వారిలో 1.4 లక్షలకు పైగా ఓపీటీలో, అంటే చదువు అయ్యాక పని అనుభవం కోసం ఉంటున్నవారే. మాస్టర్స్, ఆపై చదువులవారి సంఖ్య మాత్రం అంతకు ముందు ఏడాది కంటే తగ్గింది. తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారిలో ఎక్కువమంది మాస్టర్స్‌కే వెళ్తారు. ఫీజు, రూమ్, తిండి అన్నీ కలిపితే ముప్పై నలభై లక్షలు ఇట్టే దాటుతుంది. ఆ డబ్బు తిరిగి రావడం పట్టా కంటే ఎక్కువగా మధ్యలో వచ్చే ఒక్క వేసవి మీద ఆధారపడుతోంది. అక్కడి కంపెనీలు ఫుల్‌టైమ్ ఉద్యోగానికి ముందుగా చూసేది తమ దగ్గర ఇంటర్న్‌గా చేసి వెళ్లినవాళ్లనే.

ఇంటర్న్‌షిప్ దొరికితే చాలు, రేపటి నుంచే పనికి వెళ్లొచ్చు అనుకోకూడదు. ఎఫ్-1 వీసా మీద ఉన్నవారు మొదటి రోజు నుంచి చేయగలిగింది క్యాంపస్ లోపలి పని ఒక్కటే. అది కూడా క్లాసులు జరిగే రోజుల్లో వారానికి 20 గంటలకు మించకూడదు. బయటి కంపెనీలో ఇంటర్న్‌షిప్‌కి సీపీటీ అనే అనుమతి కావాలి. దాన్ని ఇచ్చేది యూనివర్సిటీలోని విదేశీ విద్యార్థుల ఆఫీసు. ఆ పని కోర్సులో భాగంగా ఉండాలి, ఏ కంపెనీ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఐ-20 పత్రం మీద ముద్రించి ఇస్తారు. మామూలుగా ఒక పూర్తి విద్యా సంవత్సరం చదివాకే ఈ అవకాశం. మొదటి నుంచే పని అనుభవం తప్పనిసరి అయిన కొన్ని మాస్టర్స్ కోర్సులకు మాత్రం మినహాయింపు ఉంది. ఇంకో మెలిక: ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితే ఆ స్థాయి చదువు మీద వచ్చే ఓపీటీ పూర్తిగా పోతుంది. 11 నెలల దగ్గర ఆగితే పోదు.

ఇక్కడి కాలేజీలో చదువుతూ ఒకటి రెండు సెమిస్టర్ల ఎక్స్‌ఛేంజ్ మీద వెళ్లేవారి దారి వేరు. వారిది ఎక్కువగా జే-1 వీసా. వారికి దొరికేది అకడమిక్ ట్రైనింగ్. అక్కడ ఎంత కాలం చదివారో అంతకు మించి ఇవ్వరు, ఎంత చదివినా 18 నెలలు దాటదు. అంటే ఒక సెమిస్టర్ చదివినవారికి నాలుగు నెలల లెక్క. పని మొదలుపెట్టకముందే ప్రోగ్రాం అధికారి రాతపూర్వక అనుమతి చేతిలో ఉండాలి.

ఇప్పుడు క్యాలెండర్ చూద్దాం. ఆగస్టులో చేరినవారికి మే నాటికి రెండు సెమిస్టర్లు అయిపోతాయి, వేసవికి సీపీటీ సరిగ్గా కుదురుతుంది. కానీ దరఖాస్తు చేయాల్సింది విమానం దిగిన మూడు నాలుగు వారాల్లోనే. అప్పటికి బ్యాంకు అకౌంట్ తెరవడం, రూమ్‌మేట్లతో లీజు, మొదటి అసైన్‌మెంట్లు. సెప్టెంబర్‌లో క్యాంపస్‌లో కెరీర్ ఫెయిర్ జరుగుతుంటే "ఇంకా ఒక్క సబ్జెక్టు కూడా పూర్తి కాలేదు, ఏం చెప్పుకుంటాం" అని వెళ్లరు. అక్కడ అడిగేది మొదటి సెమిస్టర్ మార్కులు కాదు, ఇండియాలో చేసిన ప్రాజెక్టులు, ఉద్యోగం, వచ్చిన సాఫ్ట్‌వేర్లు. కాబట్టి రెజ్యూమె శంషాబాద్ దాటకముందే తయారుగా ఉండాలి. అదీ అక్కడి పద్ధతిలో, ఒక్క పేజీలో. ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, మతం, పెళ్లయిందా లేదా, ఇవేవీ ఉండకూడదు. మన బయోడేటా అలవాటు అక్కడ పనికిరాదు.

జనవరిలో చేరేవారి సంగతి ఇంకా ఇబ్బంది. "సీటు ఈజీగా వస్తుంది" అని కన్సల్టెన్సీలు జనవరికి పంపిస్తుంటాయి. మే వచ్చేసరికి వీరికి అయ్యింది ఒక్క సెమిస్టరే, మామూలుగా సీపీటీ రాదు. మొదటి వేసవి ఖాళీగా, ఖర్చుతో గడిచిపోతుంది. రెండో వేసవి దొరుకుతుంది కానీ అది అయ్యాక చేతిలో మిగిలేది ఒక్క సెమిస్టర్. జనవరిలో చేరడం తప్పని కాదు. ఆ ఖాళీ వేసవి ఖర్చును ముందే లెక్కలో రాసుకోవాలి, అంతే.

అన్నిటికంటే ఎక్కువమందిని ఆపేసే చోటు మాత్రం దరఖాస్తు ఫారంలోని ఒక ప్రశ్న. "ఇప్పుడు గానీ, భవిష్యత్తులో గానీ మీకు వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా?" ఇంటర్న్‌షిప్ వరకు చూస్తే కంపెనీ స్పాన్సర్ చేయాల్సింది ఏమీ లేదు. సీపీటీకి ప్రభుత్వానికి కట్టే ఫీజూ లేదు, లాటరీ లేదు, కంపెనీ లాయర్‌ని పెట్టుకోవాల్సిన పని లేదు. కానీ ప్రశ్నలో "భవిష్యత్తులో" అనే మాట ఉంది కదా. అక్కడే ఉండి ఉద్యోగం చేయాలనుకునేవారి నిజమైన జవాబు "అవును". ఆ జవాబు పడగానే కొన్ని కంపెనీల్లో దరఖాస్తు అక్కడితో ఆగిపోతుంది. "కాదు" అని టిక్ పెట్టమని సలహా ఇచ్చే సీనియర్లు ప్రతి క్యాంపస్‌లో దొరుకుతారు. ఆ సలహా వినడం ప్రమాదం. తర్వాత అదే కంపెనీని హెచ్-1బీ అడగాల్సిన రోజు వస్తుంది, ఆ రోజు ఆ టిక్ బయటికి తీస్తారు. "అవును" అనే పెట్టి, ఫారంలో రాసుకునే చోటు ఉంటే గానీ, ఇంటర్వ్యూలో గానీ రెండు ముక్కల్లో చెప్పుకోవడం మేలు: ఇంటర్న్‌షిప్‌కి స్పాన్సర్‌షిప్ అక్కర్లేదు, పట్టా తర్వాత కూడా స్టెమ్ కోర్సు వల్ల మూడేళ్ల వరకు సొంత అనుమతి ఉంటుంది. చిన్న కంపెనీల మేనేజర్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. తెలియక భయపడతారు.

ఆ భయాన్ని 2025 సెప్టెంబర్ 19న ట్రంప్ సంతకం చేసిన ప్రకటన పెంచింది. కొత్త హెచ్-1బీ పిటిషన్ మీద లక్ష డాలర్లు, మన లెక్కలో 85 లక్షల పైమాటే. ఆ వార్త రాగానే హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లల్లో "ఇక అయిపోయింది" అన్న మాట వినిపించింది. అదే ఏడాది అక్టోబర్‌లో అక్కడి ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన వివరణ ప్రకారం, అమెరికాలోనే ఉంటూ విద్యార్థి వీసా నుంచి హెచ్-1బీకి మారేవారికి ఈ ఫీజు వర్తించదు. బయటి దేశం నుంచి నేరుగా రప్పించేవారి మీదే భారం. అంటే అక్కడ చదివిన విద్యార్థిని తీసుకోవడమే కంపెనీకి చవక. లెక్క తెలిసినవారికి ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఎఫ్-1 విద్యార్థుల జీతం మీద మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల పాటు సాధారణంగా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్నులు ఉండవు. దాంతో కంపెనీకి తన వాటా 7.65 శాతం మిగులుతుంది, విద్యార్థికీ అంతే మిగులుతుంది. ఈ మినహాయింపు తీసేయాలని అక్కడ వాదించేవారూ ఉన్నారు, కాబట్టి ఇది ఎప్పటికీ ఉంటుందని అనుకోనక్కర్లేదు.

స్టెమ్ మాట వచ్చింది కాబట్టి బీకాం, బీబీఏ చదివిన పిల్లల గురించి ఆగి చెప్పుకోవాలి. మన ఇళ్లల్లో వీరు తక్కువేమీ కాదు, కానీ సలహాలన్నీ ఇంజినీరింగ్ వాళ్లకే. పట్టా తర్వాత ఓపీటీ అందరికీ 12 నెలలు. స్టెమ్ జాబితాలో ఉన్న కోర్సైతే ఇంకో 24 నెలలు. ఇది కోర్సు పేరు బట్టి కాదు, ఆ కోర్సుకు యూనివర్సిటీ పెట్టిన సీఐపీ కోడ్ బట్టి. ఒక చోట ఫైనాన్స్ మాస్టర్స్‌కి స్టెమ్ కోడ్ ఉంటుంది, ఇంకో చోట అదే పేరున్న కోర్సుకు ఉండదు. బిజినెస్ అనలిటిక్స్‌కి చాలాచోట్ల ఉంటుంది, మామూలు ఎంబీఏకి చాలాచోట్ల ఉండదు. ఒక ఏడాదే ఉండే మనిషిని ఇంటర్న్‌గా తీసుకుని నేర్పించడానికి కంపెనీ వెనకాడుతుంది, మూడేళ్లు ఉండేవాడైతే ఆలోచిస్తుంది. ఫీజు ఒకటే, తేడా రెండేళ్లు.

ఇంటర్న్‌షిప్ లేకుండా పట్టా పుచ్చుకున్నవారికి అసలు ఒత్తిడి ఓపీటీలో మొదలవుతుంది. 12 నెలల ఓపీటీలో పని లేకుండా ఉండగలిగింది మొత్తం 90 రోజులు. స్టెమ్ పొడిగింపు వస్తే రెండూ కలిపి 150. ఆ రోజులు కరిగిపోతున్నప్పుడే "మేం ఆఫర్ లెటర్ ఇస్తాం, జీతం మాత్రం ప్రాజెక్టు వచ్చాక" అనే కన్సల్టెన్సీలు ఫోన్ చేస్తాయి. లేని అనుభవం రెజ్యూమెలో రాయడం, ఇంటర్వ్యూలో వేరేవాడు మాట్లాడటం, ఇవన్నీ ఆ ప్యాకేజీలోనే. తెలుగు పిల్లలు ఇందులో పడటం కొత్త కాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన విద్యార్థులు కొందరి కాళ్లకు నిఘా పరికరాలు కట్టారు. 2019 జనవరిలో బయటపడ్డ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా ప్రభుత్వ ఏజెంట్లే వల వేయడానికి పెట్టిన ఉత్తుత్తి సంస్థ. అక్కడ క్లాసులే లేవు. చేరినవారు చేరింది పని చేసుకునే సీపీటీ కోసమే అని ప్రభుత్వం కేసు పెట్టింది. మొదట అరెస్టైన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. మొదటి రోజు నుంచే పని చేసుకోవచ్చు అని ప్రచారం చేసే కాలేజీలన్నీ దొంగవి కావు, కానీ క్లాసులు నిజంగా జరుగుతున్నాయా, ఆ పని నిజంగా కోర్సులో భాగమా అన్న ప్రశ్న రేపు వీసా అధికారి అడుగుతాడు. పెట్రోల్ బంకులో, రెస్టారెంట్‌లో చేతికి డబ్బు తీసుకుని పని చేసేవారి సంగతీ అంతే. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు ఒక్కసారిగా రద్దు చేసి, కోర్టు కేసుల తర్వాత మళ్లీ పునరుద్ధరించారు. కాగితాలు శుభ్రంగా ఉన్నవారికే ఇలాంటి గాలివానలో నిద్ర పట్టదు, లేనివారి మాట చెప్పేదేముంది.

పిల్లలు ఈ ఊబిలో పడటానికి డబ్బు ఒత్తిడే పెద్ద కారణం. వడ్డీ లోన్ వద్దనుకునే కుటుంబాలు ప్లాట్ అమ్ముతాయి, అమ్మీ నగలు తీస్తాయి, దుబాయ్‌లో ఉన్న మామూ దగ్గర చేబదులు తీసుకుంటాయి. వడ్డీ లేదు నిజమే, కానీ "ఎప్పుడు పంపిస్తావ్" అనే మాట లోన్ వాయిదా కంటే బరువు. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకిచ్చే ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 20 లక్షల వరకు ఉంది, ఏడాది ఆదాయం 5 లక్షల లోపు ఉన్న కుటుంబాలకు. అది రెండు విడతల్లో వస్తుంది, రెండోది మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపించాకే. కాబట్టి మొదటి ఏడాది ఖర్చులకు దాన్నే నమ్ముకుని కూర్చుంటే సరిగ్గా ఇంటర్న్‌షిప్ వెతకాల్సిన సమయంలో పిల్లలు పార్ట్‌టైమ్ గంటల లెక్కలో మునిగిపోతారు.

ఆడపిల్లల తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది: హిజాబ్‌తో ఇంటర్వ్యూకి వెళ్తే ఏమవుతుంది? చట్టం వరకు జవాబు స్పష్టం. ఓక్లహోమాలోని టల్సాలో సమంతా ఎలాఫ్ అనే అమ్మాయికి తలకు స్కార్ఫ్ ఉందని ఆబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణం ఉద్యోగం ఇవ్వలేదు. 2015లో అమెరికా సుప్రీంకోర్టు 8-1తో ఆమె పక్షాన తీర్పిచ్చింది. 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు ఆ చట్టం వర్తిస్తుంది. మనుషుల మనసులో ఏముందో చట్టం మార్చలేదు, అది వేరే మాట. కానీ భయపడి దరఖాస్తే చేయకపోవడానికి మాత్రం కారణం లేదు.

ఇక దొరికేది ఎలా అంటే, లింక్డ్‌ఇన్‌లో రోజుకు వంద దరఖాస్తులు నొక్కడం వల్ల కాదు. క్యాంపస్‌లో ప్రొఫెసర్ దగ్గర, లైబ్రరీలో, ఐటీ హెల్ప్‌డెస్క్‌లో వారానికి పది గంటలు చేసిన పని రెజ్యూమెలో మొదటి అమెరికా అనుభవం అవుతుంది. ఆ ప్రొఫెసర్ రాసే ఒక్క మెయిల్ ఊళ్లోని చిన్న కంపెనీలో తలుపు తీస్తుంది. యూనివర్సిటీ ముస్లిం విద్యార్థి సంఘంలో, మసీదులో జుమా తర్వాత పలకరించే డాక్టర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్లలో చాలామంది తామూ ఇలాగే వచ్చినవాళ్లు. వారిని ఉద్యోగం ఇప్పించమని అడిగితే ఇబ్బంది పడతారు. రెజ్యూమె ఒకసారి చూసిపెట్టమంటే కూర్చుని చూస్తారు.

ఈ ఏడాది ఫీజు కట్టబోతున్న కుటుంబాలు యూనివర్సిటీకి నేరుగా మెయిల్ పెట్టి మూడు సంగతులు రాతలో తెప్పించుకోవచ్చు: కోర్సు సీఐపీ కోడ్ ఎంత, సీపీటీ ఏ సెమిస్టర్ తర్వాత ఇస్తారు, ఇంటర్న్‌షిప్‌కి క్రెడిట్ ఫీజు విడిగా కట్టాలా. చివరిది చాలామంది అడగరు. కొన్ని చోట్ల ఇంటర్న్‌షిప్ చేయాలంటే వేసవిలో ఒక క్రెడిట్ కొనాలి, అది కూడా డాలర్లలోనే.